పక్కింటి చెట్టు, మన గోడ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది రెండంతస్తుల ఇల్లు. పక్కింటి మాస్టారి పెరట్లో పెద్ద నిద్రగన్నేరు ఉంది. ప్రహరీకి అడుగున్నర దూరంలోనే దాని మొదలు. లావుపాటి కొమ్మ ఒకటి మా స్లాబు మీదికి వచ్చేసింది. ప్రహరీ మా వైపు ఒరిగి నిలువునా పగిలింది. హాల్లో కిటికీ పక్కన కూడా బీట కనిపిస్తోంది. చెబితే “చెట్టు మీ ఇంటికంటే ముందునుంచీ ఉంది” అంటున్నారు. అక్టోబరు వస్తోందంటే దడ పుడుతోంది. కొమ్మ మేమే కొట్టించుకోవచ్చా? ఖర్చు ఎవరిది?
– ఓ గృహిణి, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: కొమ్మ, ప్రహరీ, హాల్లో బీట. ఈ మూడూ వేర్వేరు విషయాలు. మూడింటినీ కలిపి “మీ చెట్టు మా ఇల్లు పాడుచేస్తోంది” అని వెళ్తే, హాల్లో బీట చెట్టు వల్ల కాదని తేలిన రోజున మిగతా రెండు నిజాలనూ ఎవరూ నమ్మరు. కాబట్టి ముందు ఆ బీట సంగతి తేల్చుకోండి.

నల్లరేగడి నేలలో చెట్టు తేమ పీల్చేస్తే మట్టి కుంచించుకుపోయి పునాది దిగుతుంది. విశాఖలో ఎక్కువగా ఉన్నది ఎర్రమట్టి, గరుసు నేల. ఇందులో ఆ రకం నష్టం అరుదు. ఇక్కడి ఇళ్లలో బీటలకు ఎక్కువగా కారణాలు వేరే: సరిగా దిమ్మిస కొట్టని మెరక మట్టి, కారే సంపు, బాత్‌రూమ్ పైపు, అన్నిటికంటే ముఖ్యంగా ఉప్పుగాలికి తుప్పు పట్టిన కాంక్రీటు లోపలి ఊచలు. తుప్పు వల్ల వచ్చిన బీట ఊచ వెంబడి తిన్నగా పోతుంది. పక్కన గోధుమరంగు మరక ఉంటుంది, నాణెంతో తడితే డొల్ల శబ్దం వస్తుంది, పెచ్చులు ఊడతాయి. వేరు ఎత్తడం వల్ల వచ్చేది కింది అంతస్తులో, చెట్టున్న వైపునే కనిపిస్తుంది. అడుగున సన్నగా ఉండి పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది. దగ్గర్లో గచ్చు కూడా ఉబ్బుతుంది.

బీటకు అడ్డంగా పెన్సిల్ గీత గీసి, పక్కన తేదీ, వెడల్పు రాయండి. అదే చోట సన్నటి గాజుముక్కను రెండు చివర్లా సిమెంటుతో అతికించండి. గోడ కదిలితే గాజు చిట్లుతుంది. నెలకోసారి స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయండి. 5 మిల్లీమీటర్ల లోపు ఉండి పెరగకపోతే అది ప్లాస్టరింగ్ పని. 5 నుంచి 15 దాకా ఉండి తలుపులు, కిటికీలు బిగుసుకుంటుంటే స్ట్రక్చరల్ ఇంజనీరు చూడాలి. 15 దాటితే ఇక ఆగకూడదు.

అనుమానం తీరాలంటే మీ స్థలంలోనే, ఆ గోడ పక్కన రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున పునాది అడుగు కనిపించేదాకా గుంత తీయించండి. గడ్డపారతోనే, యంత్రం వద్దు. చెట్ల వేర్లలో ఎక్కువ భాగం పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. వేలెడు లావు వేరు పునాది పక్కనుంచి పోతూ కనిపించినంత మాత్రాన కంగారు పడక్కర్లేదు. రెండంతస్తుల బరువును వేరు ఎత్తడం చాలా అరుదు. అది ఎత్తేది తేలికైనవాటిని: ప్రహరీని, నాపరాళ్లను, మెట్లను, కాలువ గట్టును.

మీ ప్రహరీ విషయంలో చెట్టు మీద నేరం దాదాపు ఖాయం. అడుగున్నర దూరంలో ఉన్న మొదలు ఏటా లావెక్కుతుంటే తొమ్మిది అంగుళాల ఇటుక గోడ ఆగదు. ఒరిగినచోట ఆరు నుంచి ఎనిమిది అడుగుల మేర గోడ విప్పండి. రెండు పక్కలా పిల్లర్లు లేపి, వాటి మధ్య వేరు మీదుగా కాంక్రీటు బీము వేసి, దాని మీద గోడ కట్టించండి. బీము అడుగుకీ వేరుకీ నడుమ నాలుగు అంగుళాల ఖాళీ వదలాలి. పిల్లరు గుంతలో రెండంగుళాలకు మించిన వేరు తగిలితే వేరును కొట్టొద్దు, పిల్లరునే పక్కకు జరపండి.

వేరు కొట్టొద్దని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. గాలికి చెట్టు ఒక పక్కకు వాలుతుంటే దాన్ని వెనక్కి లాగి పట్టుకునేవి గాలి వచ్చే వైపు వేర్లు. మీ వైపు వేర్లు నరికితే, మీ వైపు నుంచి గాలి కొట్టిన రోజు చెట్టు మాస్టారి ఇంటి మీద పడుతుంది. తుఫాను కన్ను మన మీదుగా దాటితే కాసేపు గాలి ఆగి, ఆ తర్వాత ఎదురు దిక్కునుంచి కొడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన రోజు విశాఖ చూసింది అదే. వేర్లు కొట్టినవారిదే అప్పుడు తప్పవుతుంది. లెక్క కావాలంటే మొదలు చుట్టుకొలత తీయండి. ఆరడుగులుంటే అడ్డకొలత సుమారు రెండడుగులు. దానికి ఐదు రెట్లు, అంటే పదడుగుల లోపల పెద్ద వేరును ముట్టుకోకూడదు.

ఇక కొమ్మ. హద్దు దాటి మీ స్థలం మీదికి వచ్చిన కొమ్మను మీ స్థలంలో నిలబడి, హద్దు వరకే తీయించుకునే హక్కు మీకుంది. ఎన్నేళ్లుగా వాలి ఉన్నా దానికి అక్కడ ఉండే హక్కు రాదు. “చెట్టు ముందునుంచీ ఉంది” అనే మాట చట్టం దగ్గర నిలవదు. కానీ గోడ దిగి అవతలికి వెళ్లకూడదు. కోసిన కలప, కాయలు చెట్టు యజమానివే. చెట్టుకు యాసిడ్ పోయడం, మొదట్లో బెరడు చుట్టూ చెక్కేయడం లాంటివి చేస్తే క్రిమినల్ కేసు మీ మీదికే వస్తుంది. చెట్టు మొత్తం కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తప్పనిసరి. మీది పెద్ద కొమ్మ కాబట్టి జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఉద్యానవన విభాగానికి దరఖాస్తు ఇచ్చి, జవాబు కాగితం మీద తీసుకున్నాకే పనివాళ్లను పిలవండి. మీరు పిలిచినవాళ్ల కూలి మామూలుగా మీరే పెట్టుకోవాలి. మాస్టారు సగం ఇస్తే సంతోషం.

అడుగు లావు, పదడుగుల పొడవున్న పచ్చి కొమ్మ దాదాపు 200 కిలోలు తూగుతుంది. దాన్ని స్లాబు మీద పడేయనివ్వకండి. మోకు కట్టి ముక్కలుగా దించాలి. మొదటి కోత మానుకు అడుగు దూరంలో, కింది వైపునుంచి మూడో వంతు లోతు. రెండోది దానికి ఒకటి రెండు అంగుళాలు అవతల, పైనుంచి. దీంతో కొమ్మ బరువుకి బెరడు చీరుకుంటూ మాను మీదికి రాదు. మిగిలిన మోడును కొమ్మ మొదట ఉబ్బెత్తుగా ఉండే ఉంగరాన్ని వదిలి, దాని అంచున కోయాలి. ఆ ఉంగరమే గాయాన్ని మూసేది. దాన్ని మానుకు సమంగా చెక్కేస్తే అక్కడ పుచ్చు పడుతుంది. గాయానికి సిమెంటు, తారు పూయొద్దు.

ఒక ఏడాదిలో గుబురులో నాలుగో వంతుకు మించి తీయకూడదు. తల మొత్తం నరికి మోడు చేయించడం మన వీధుల్లో రోజూ కనిపించే తప్పు. అక్కడినుంచి చీపురులా లేచే పిలక కొమ్మలు పైపైన అతుక్కుని ఉంటాయి. రెండు మూడేళ్లకు బరువెక్కి, పాత కొమ్మకంటే ముందే ఊడి పడతాయి. ఆగస్టులో కాకపోతే సెప్టెంబరులోనైనా పని ముగించండి. కొమ్మ కరెంటు తీగకు దగ్గరగా ఉంటే 1912కు ఫోన్ చేసి, లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే తీగలో కరెంటు ఆపించడం) తీసుకున్నాకే చెట్టెక్కించాలి.

మాస్టారితో మాట మీ ఇంట్లోనే మొదలవ్వాలి. “మాస్టారూ, ఒక్కసారి మా మేడ మీదికి రండి, మీ చెట్టు మా వైపునుంచి ఎలా ఉందో చూద్దురుగాని” అనండి. ఆయన కిటికీలోంచి చూస్తే నీడే కనబడుతుంది, మీ స్లాబు మీద నిలబడితే కొమ్మ కనబడుతుంది. చెట్టు కొట్టేయమని అడగొద్దు. ఫలానా కొమ్మ, ఫలానా చోట, ఫలానా తారీఖులోపు అని అడగండి.

ఆయన ఒప్పుకున్నా సరే, ఒక ఉత్తరం ఇవ్వండి. ఇలా చాలు: “గౌరవనీయులైన మాస్టారు గారికి, మీ పెరట్లోని నిద్రగన్నేరు కొమ్మ ఒకటి సుమారు ఇన్ని అడుగులు మా స్లాబు మీదికి వచ్చి ఉంది. దాని మొదట్లో పగులు కనిపిస్తోంది. ఫొటోలు జతచేశాను. తుఫానుల కాలానికి ముందు, ఫలానా తేదీలోగా దీన్ని తీయించవలసిందిగా కోరుతున్నాను. మా వైపునుంచి పనివాళ్లకు దారి ఇస్తాము.” పగులు ఉంటేనే ఆ మాట రాయండి. నకలు మీద సంతకం తీసుకోండి, లేదంటే రశీదు వచ్చే స్పీడ్ పోస్టులో పంపండి. ఈ కాగితం ఎందుకింత ముఖ్యమో కింది ఉత్తరం చదివితే తెలుస్తుంది.

ప్రశ్న: గాలివానకి పక్కింటి కొమ్మ విరిగి మా మేడ మీద నీళ్ల ట్యాంకు, సోలార్ పలకలు పగిలాయి. “దేవుడి గాలికి మేమేం చేస్తాం” అంటున్నారు. పరిహారం రాదా?
– మురళీనగర్ పాఠకుడు

జవాబు: చెట్టు ఆరోగ్యంగా ఉండి, ఎవరూ ఊహించని గాలికి విరిగితే వారి మాటే నెగ్గుతుంది. చెట్టు తనది అయినంత మాత్రాన యజమాని బాధ్యుడు కాడు. కానీ కొమ్మ ఎండిపోయి ఉందనో, పుచ్చు పట్టిందనో ఆయనకు ముందే తెలిసి ఊరుకుంటే అది నిర్లక్ష్యం. తెలుసని రుజువు చేసేది మీరు ముందుగా ఇచ్చిన కాగితమే. నోటి మాటకు సాక్షి దొరకడు.

ఇప్పటికైనా విరిగినచోటును దగ్గరగా ఫొటో తీయండి. తెల్లగా, నారలు లేచి ఉంటే పచ్చి కొమ్మ విరిగినట్టు. గోధుమరంగులో, పొడిపొడిగా రాలుతుంటే పాత పుచ్చు. ఆ ముక్కను అడుగు పొడవున కోయించి దాచిపెట్టండి. ఈలోపు కట్టెల కోసం ఎవరైనా పట్టుకుపోతే మీ ఆధారం పోయినట్టే. ట్యాంకు, పలకల బిల్లులు, బాగుచేయడానికి ఎంతవుతుందో రాసిచ్చిన కొటేషన్ కలిపి పెట్టుకోండి. నష్టపరిహారం దావాకు సాధారణంగా మూడేళ్ల గడువుంటుంది.

ఇంటి బీమా ఉంటే ముందు అటు వెళ్లండి. 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ ఇవ్వాల్సిన ‘భారత్ గృహ రక్ష’ పాలసీలో తుఫాను నష్టం, చెట్టు కూలి తగలడం రెండూ ఉన్నాయి. సర్వేయరు వచ్చేదాకా శిథిలాలు కదపకండి, వాన కారకుండా టార్పాలిన్ కప్పుకోవచ్చు. వేరు ఏళ్ల తరబడి గోడను తోయడం మాత్రం ప్రమాదం కిందికి రాదు. దానికి క్లెయిమ్ ఆశించొద్దు.

ప్రశ్న: పక్కవాళ్ల కొబ్బరిచెట్టు మా కారు షెడ్డు మీదికి వంగింది. కాస్త ఎత్తు తగ్గించమంటే వినరు. పైగా ఆకుల మీంచి నల్లటి మసి లాంటిది కారు మీద పడుతోంది.
– ఎంవీపీ కాలనీ

జవాబు: కొబ్బరికి ఎత్తు తగ్గించడం ఉండదు. దానికి ఒకే మొవ్వు, అది తీస్తే చెట్టు చచ్చినట్టే. ఆ మాట ఒక్కటి మీరు వెనక్కి తీసుకుంటే సగం గొడవ చల్లారుతుంది.

వంగి ఉండటం జబ్బు కాదు. వంగిన మాను పైకి పోయేకొద్దీ మళ్లీ నిటారుగా తిరిగి ఉంటే అది ఏళ్లనాటి వంపు, భయం లేదు. మాను కర్రలా తిన్నగా ఉండి మొత్తం ఒక పక్కకు ఒరిగి, అవతలి వైపు మొదట్లో మట్టి లేచి నెర్రె విచ్చిందంటే అది కొత్తగా ఒరిగింది, ఆలస్యం చేయకూడదు. మాను మీద రంధ్రాలు, వాటిలోంచి గోధుమరంగు జిగురు, లోపల కొరుకుతున్న చప్పుడు ఉంటే ఎర్ర ముక్కు పురుగు. పైకి పచ్చగానే ఉండి ఒకనాడు తల విరిగి పడుతుంది.

మీరు అడగాల్సింది 45 రోజులకోసారి కాయలు దింపమని, తుఫానుల కాలానికి ముందు ఎండు మట్టలు, ముదురు గెలలు తీయించమని. పచ్చి మట్టలు గొరిగించొద్దు, చెట్టు నీరసిస్తుంది. మీ షెడ్డులో పడిన కాయా వారిదే, ఇచ్చేయండి. ఆ మసి తెల్లదోమ వదిలే తీపి జిగురు మీద పెరిగే బూజు. ఆకుల అడుగుకు తగిలేలా నీళ్లు గట్టిగా కొట్టించి, వేపనూనె పిచికారీ చేయిస్తే తగ్గుతుంది. కొబ్బరికి రసాయన మందులు కొట్టిస్తే తెల్లదోమను తినే మిత్రపురుగులు కూడా పోతాయి.

ప్రశ్న: పక్కింటి రావి వేర్లు మా డ్రైనేజీ పైపులో దూరి ఏడాదికి రెండుసార్లు పొంగుతోంది. చెట్టు తీయించాలని పట్టుబట్టవచ్చా?
– అక్కయ్యపాలెం

జవాబు: బాగున్న పైపును వేరు పగలగొట్టదు. ఎక్కడో జాయింటు కారుతుంది, ఆ తేమ వెంట వెంట్రుకలాంటి వేరు లోపలికి పోయి కుచ్చులా పెరుగుతుంది. పాత సిమెంటు జాయింట్ల గూనపైపు ఉంటే ఎన్నిసార్లు వెదురు బద్దలు తోయించినా తిరిగి వస్తుంది. చాంబర్ల మధ్య ఆ వరస మొత్తం తీసి, సొల్యూషన్‌తో అతికే పీవీసీ పైపు వేయించండి. చాంబర్ లోపలి గోడకు కూడా సిమెంటు పూత వేయించండి. రావికి చెట్టుగా మీ పైపుతో పని లేదు, దాని నీటితోనే పని. మీ పిట్టగోడ మీద రావి మొక్కలు మొలిచి ఉంటే మాత్రం వాటిని ఈ వారమే వేరుతో సహా తీయించండి. పైపైన పీకితే తెగిన వేరు మళ్లీ చిగురిస్తుంది. చుట్టూ గార చెక్కి, వేరంతా లాగి, పాలిమర్ కలిపిన సిమెంటుతో పూడ్చాలి.

ప్రశ్న: మాది కొండవాలు మీద అపార్ట్‌మెంటు. వెనక పైస్థలం వారి రిటైనింగ్ గోడ (మట్టి జారకుండా ఆపే గోడ) అంచున పెద్ద వేపచెట్టు ఉంది, గోడ ఉబ్బింది. చెట్టు కొట్టించేస్తే సరిపోతుందా?
– అసోసియేషన్ కార్యదర్శి, మధురవాడ

జవాబు: తొందరపడి కొట్టించకండి. ఎర్రమట్టి వాలును పట్టి ఉంచుతున్నది ఆ వేర్లే కావచ్చు. చెట్టు కొట్టాక వేర్లు మట్టిలో నెమ్మదిగా పుచ్చిపోతాయి. గోడ కూలేది కొట్టిన ఏడాది కాదు, కొన్నేళ్ల తర్వాతి పెద్ద వానకు. అప్పటికి ఎవరికీ చెట్టు గుర్తుండదు.

ఉబ్బుకు మొదటి అనుమానితుడు నీరు. గోడకు నీళ్లు పోయే రంధ్రాలు ఉన్నాయా? సుమారు 3 అంగుళాల గొట్టాలు, ఆరడుగులకొకటి చొప్పున ఉండాలి. వాన కురిసిన మర్నాడు చూడండి. గోడ తడిసి ఉండి రంధ్రాల్లోంచి చుక్క కూడా రాకపోతే అవి మట్టితోనో వేర్లతోనో పూడుకుపోయాయి. ఊచతో శుభ్రం చేయించి, పైస్థలంలో వాన నీరు గోడ వెనక ఇంకకుండా పక్కకు మళ్లే కాలువ తవ్వించమని అడగండి. ఉబ్బు వాలును తూకం దారంతో కొలిచి రాసి పెట్టండి. నెల తర్వాత కొలత పెరిగితే, స్ట్రక్చరల్ ఇంజనీరు నివేదిక తీసుకుని, గోడ పక్కన కార్లు, పిల్లల ఆటలు ఆపేయండి. ఉత్తరం మీ పేరు మీద కాదు, అసోసియేషన్ తీర్మానంతో వెళ్లాలి.

ప్రశ్న: ఎండిపోతున్న పెద్ద చెట్టు గురించి పక్కింటివారికి రాసి రెండు నెలలైంది. ఉలుకూ లేదు పలుకూ లేదు. ఇక కోర్టేనా?
– గాజువాక

జవాబు: కోర్టుకు ముందు ఇంకా మూడు మెట్లున్నాయి. వార్డు సచివాలయంలో, సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి. చెట్టు రోడ్డు మార్జిన్‌లో ఉంటే ఇక్కడే తేలిపోతుంది, అది కార్పొరేషన్ చెట్టు.

ప్రైవేటు స్థలంలో ఉంటే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో లోక్ అదాలత్ కోసం దరఖాస్తు పెట్టండి. దావా వేయకముందే వారు ఇద్దరినీ పిలిచి కూర్చోబెడతారు, కోర్టు ఫీజు లేదు. అక్కడ కుదిరిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అందుకే రాజీ పత్రంలో ఏ కొమ్మ, ఏ తేదీ, ఖర్చులో ఎవరిదెంత అన్నవి విడమర్చి రాయించండి. “తగిన చర్యలు తీసుకుంటారు” అని రాస్తే మళ్లీ మొదటికే వస్తారు. ఉచిత సలహాకు 15100.

చెట్టు పడేలా ఉంటే ఇవన్నీ అయ్యేదాకా ఆగొద్దు. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 152వ సెక్షన్ కింద ఆర్డీవోకు అర్జీ ఇవ్వండి (పాత సీఆర్‌పీసీలో ఇది 133). పడి మనుషులకు దెబ్బ తగిలే స్థితిలో ఉన్న చెట్టును తీసేయమనో, ఊతం పెట్టమనో యజమానిని ఆదేశించే అధికారం అక్కడుంది. అర్జీలో “మా గోడ పాడవుతుంది” అని మొదలుపెట్టకండి, అది ఇద్దరి మధ్య తగాదాగా కనబడుతుంది. చెట్టు కింద ఎవరు నివసిస్తున్నారు, ఏ దారిన ఎవరు నడుస్తారు అన్నది రాయండి. మొదట్లో గొడుగుల్లా పెరిగిన పుట్టగొడుగులు, తడితే డొల్ల శబ్దం, ఎండిన తల, ఒక వైపు లేచిన మట్టి, ఇలా కళ్లతో చూసినవే ఫొటోలతో సహా పెట్టండి. రెండు నెలల నాటి మీ ఉత్తరం నకలు, పోస్టు రశీదు మొదటి పేజీ కింద ఉండాలి.

ఇవన్నీ దాటాక సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (ఫలానా పని చేయమనో, చేయొద్దనో కోర్టు ఇచ్చే ఆదేశం) దావా. చెట్టు స్థితి చూసి రమ్మని అడ్వకేట్ కమిషనర్‌ను వేయమని దావాతో పాటే అడగండి. వాయిదాల మధ్యలో చెట్టు మాయమైనా, గోడ మారినా ఆ నివేదిక మిగులుతుంది.